తడిక చాటు దగ్గు

నేను వాగుడుకాయనని పెళ్లిచూపులనాడే మా అత్తగారు కనిపెట్టేశారు. పిల్లకి నోరెక్కువ, మన ఊళ్లో ఎలా నెగ్గుకొస్తుందని ఆవిడ గొణిగితే, ఊరంతా మూగవాళ్లే కదా, ఒకళ్లన్నా మాట్లాడేవాళ్లు ఉండొద్దా అన్నాడట మా ఆయన ఐవజ్. అలా బాబోల్ బజారులో, వెల్లుల్లి ఊరగాయ జాడీల మధ్య అరుచుకుంటూ పెరిగిన దాన్ని, శీతాకాలమంతా ఎవరూ గొంతెత్తని ఊరికి కోడలినయ్యాను.

మాది సముద్రం పక్కన వరి ఊరు. కోతలయ్యాక చేలల్లోకి నీళ్లు వదిలి మడుగు కడతాం. ఉత్తరాన మంచు మొదలవగానే అడవి బాతులు సముద్రం మీదుగా వచ్చి ఆ నీళ్లలో దిగుతాయి. తుపాకీ అన్నది మా దగ్గర బూతుమాట. మేం ఎరిగింది వల ఒక్కటే, వలకి ముందు కావలసింది చప్పుడు లేకపోవడం. అందుకని నీళ్లు వదిలే నాటికి ఊళ్లో పెళ్లిళ్లన్నీ చేసేసుకుంటాం. కోడిపుంజుల్ని కోసుకు తినేస్తాం. మోటారు సైకిళ్లని ఊరి బయటే ఆపి తోసుకొస్తాం. మడుగు దగ్గర మాటలన్నీ చేతులతోనే. అరచెయ్యి బోర్లించి మెల్లగా కిందికి దించితే పిట్టలు దిగాయని. అదే చెయ్యి పైకి విసిరితే లేచిపోయాయని. పిడికిలి బిగిస్తే కదలొద్దని. కాపరానికి వచ్చిన కొత్తలో నాకు ఈ మూడూ నేర్పి నోరు మూయించేసరికి మా ఆడపడుచు కోకబ్ వదినకి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ ఏడు కోతలయ్యేసరికి ఐవజ్ చొక్కాలన్నీ వదులైపోయాయి. బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం పొడుచుకుంటుంటే చూశాను. ఏమయ్యా, ఇలా చిక్కిపోతున్నావేంటంటే కోతల అలసట అన్నాడు. అలసిన మనిషికి ఆకలి వేయాలి కదా అన్నాను. వేస్తుంది, నీ వంట చూడగానే పోతుంది అన్నాడు. నవ్వేశాను. మా ఇద్దరి మధ్య వేళాకోళం ఎక్కువ. దాని వెనక ఏం పెట్టినా కనిపించదు.

ఆరిళ్ల వాళ్లకి ఒకటే మడుగు. ఒకరు రెల్లు కోసి తడికలు అల్లితే ఒకరు వలలు బాగుచేస్తారు, ఒకరు వల తాడు లాగుతారు. ఐవజ్‌ది దీమాల పని. దీమాలంటే మా పెంపుడు బాతులు. తెల్లారకముందే అవి మడుగులోకి ఈదుకుంటూ పోయి అడవి బాతుల్లో కలుస్తాయి. తడిక చాటున కూర్చున్న మనిషి చిన్న చప్పుడు చేసి నాలుగు వడ్లు చల్లగానే తడిక పక్కనున్న సన్నకాలువలోకి తిరిగొస్తాయి. ఇవి వస్తున్నాయి కదా అని అడవివీ వెంటపడి వస్తాయి. పైనుంచి వల వాలుతుంది. ఆ చప్పుడు ఎవరిదైతే వాళ్లదే, దీమాలు ఇంకొకరి పిలుపుకి తల కూడా తిప్పవు. అందుకే వసంతంలో నౌరోజ్ పండగప్పుడు గుడ్లలోంచి వచ్చిన పిల్లల్ని ఐవజ్ ఒక్కడే పెంచేవాడు. మేత వేళకి పాక చుట్టుపక్కలకి మమ్మల్ని ఎవరినీ రానిచ్చేవాడు కాదు. పళ్ల సందున సన్నటి ఈల వేసి పిలవడం మా మామగారి పద్ధతి, కొడుకూ అదే చేస్తున్నాడనుకున్నాం. వేసవి నుంచి నక్కల భయమని చెప్పి అతను రాత్రిళ్లు కూడా ఆ పాకలోనే పడుకుంటున్నాడు.

నీళ్లు వదిలిన వారానికి మష్ది ఖలీల్ మామ పరీక్ష పెట్టాడు. మష్ది అంటే తీర్థయాత్ర చేసొచ్చినవాడని, మడుగుకి పెద్ద ఆయనే. వేట మొదలవకముందు, తడిక చాటున కూర్చోబోయే వాళ్లందరినీ చీకటితోనే తీసుకుపోయి అక్కడే కూర్చోబెడతాడు. సూర్యుడు గట్టు దాటి పైకి వచ్చేదాకా ఎవరూ దగ్గకూడదు, తుమ్మకూడదు, గొంతు సవరించుకోకూడదు. చప్పుడు చేసినవాడికి ఆ ఏడు చోటూ లేదు, వాటా లేదు. ఇందులో ఆయన కసాయితనం ఏమీ లేదు. మడుగు ఒక్కసారి బెదిరిందంటే పిట్టలు పక్క ఊరి నీళ్లకి పోతాయి, వచ్చే చలికాలం దాకా ఇటు చూడవు.

ఐవజ్ పరీక్షలో నెగ్గాడు. నెగ్గి ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. మొహం కందిపోయి ఉంది, కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి. చలిగాలి అన్నాడు. టీ ఇచ్చాను. తాగకుండానే లేచి గబగబా దీమాల పాక వైపు పోయాడు. అది మేత వేళ కాదు. అతను పోయిన దారికేసి చూస్తూ నిలబడ్డాను. అప్పుడు మొదలైంది నాకు భయం. దేనికో తెలియదు, అన్నం వారుస్తున్నా పోయేది కాదు.

తర్వాత రెండు రోజులకి అతను వల తాళ్లు కొనడానికి మిగతావాళ్లతో టౌనుకి పోయాడు. పాకలో పేలు పడ్డాయి, ఊక పొగ పెట్టమని నాకు చెప్పి మరీ పోయాడు. చట్టిలో నిప్పులు, ఊక పోసుకుని పెరట్లోకి దిగుతుంటే కోకబ్ వదిన వెనక నుంచి హెచ్చరించింది.

"పిల్లా, పొగ పెట్టు, నోరు మాత్రం తెరవకు. నీ గొంతు ఒక్కసారి చెవినపడిందంటే దీమాల చదువంతా గంగపాలు."

బాతులు పెరటి కుంటలో ఈదుతున్నాయి. పాకలో చట్టి పెట్టి ఊదాను. ఊక రాజుకుని గుప్పున పొగ లేచి నేరుగా నా గొంతులోకి దిగింది. నోరు తెరవకూడదు కదా, తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుని దగ్గుని లోపలికే అణిచాను. ముక్కులోంచి హుక్ హుక్ అని చిన్న చప్పుడు వచ్చింది. అంతే, కుంటలో బాతులన్నీ ఒక్కసారి తలలెత్తాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ గట్టెక్కి వచ్చి నా కాళ్ల చుట్టూ నిలబడ్డాయి. మెడలు చాచి నా చేతులకేసి చూశాయి.

నాకు నవ్వొచ్చింది. ఖాళీ చేతులు చూపించాను. అవి కాసేపు చూసి, ఈ మనిషితో పని కాదని తిరిగి నీళ్లలోకి పోయాయి. మళ్లీ పొగ పట్టుకుంది, మళ్లీ హుక్ హుక్. మళ్లీ వచ్చేశాయి.

ఈసారి నవ్వు రాలేదు. పాక బయటికి వచ్చి, మామగారు వేసినట్టు పళ్ల సందున ఈల వేశాను. ఒక్కటీ తిరగలేదు. ఒకటి ముక్కుతో రెక్క గోక్కుంది. అప్పుడు పొగ లేకపోయినా, దగ్గు రాకపోయినా, నోరు మూసుకుని కావాలనే హుక్ హుక్ అన్నాను. కుంట ఖాళీ అయిపోయింది.

దీమానికి ఒక చప్పుడు పట్టుబడాలంటే పిల్లప్పటి నుంచీ వినాలి. ఆ మాట నాకు చెప్పింది ఐవజే. అప్పుడు నౌరోజ్‌కి వచ్చిన పిల్లలు ఇప్పుడు రెక్కలు ముదిరి నా ముందు నిలబడి ఉన్నాయి. వసంతం నుంచీ, వేసవంతా, కోతలంతా అతను వాటికి ఈ చప్పుడుతోనే మేత వేశాడు. పిలవాలని కాదు, దగ్గు ఆపుకోలేక. పాక గుంజ పట్టుకున్నాను.

కోకబ్ వదిన పెరటి గుమ్మంలోంచి అంతా చూసింది. ఆమె భర్త ఊపిరితిత్తుల జబ్బుతో పోయి అప్పటికి మూడేళ్లు. చెంబుతో నీళ్లు తెచ్చి చట్టిలో పోసి, పొగ ఆరేదాకా అక్కడే నిలబడింది.

పొద్దుగూకే వేళకి ఐవజ్ తాళ్ల చుట్టలు భుజాన వేసుకుని వచ్చాడు. అన్నం, పొగ పెట్టిన చేప ముందు పెట్టాను. నేను మాట్లాడకుండా వడ్డిస్తే మా ఇంట్లో అది పెద్ద కబురే. అతను తలెత్తి చూసి, ఎవరు పోయారేంటి అన్నాడు వేళాకోళంగా.

"ఎన్నాళ్ల నుంచి దగ్గుతున్నావు?" అన్నాను.

చెంచా కంచం మీద ఆగింది. "దగ్గా? మొన్ననేగా మష్ది మామ పక్కన కూర్చుని వచ్చాను. గొంతు కూడా సవరించుకోలేదు, కావాలంటే అడుగు."

నేను లేచి పెరటి తలుపు తెరిచాను. బాతులు అప్పటికే పాకలో ముడుచుకున్నాయి. నోరు మూసుకుని ఆ చప్పుడు చేశాను. పాకలో రెక్కలు టపటపలాడాయి. పాక తలుపుని ముక్కులతో పొడవడం మొదలుపెట్టాయి. అవి అలా పొడుస్తూనే ఉన్నాయి, అతను తల వంచుకుని వింటూనే ఉన్నాడు.

"ఈ ఒక్క కాలం గడవనీ తూబా. తర్వాత నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికి వస్తా."

"గడుస్తుందా?"

కోకబ్ వదిన టీ కాగే సమోవర్ దగ్గర వీపు తిప్పి కూర్చుంది, ఆమె భుజాలు కదలడం కనిపించింది. ఐవజ్ అటు చూసి గొంతు ఇంకా తగ్గించాడు.

"భయమేసింది. డాక్టరు దగ్గరికి పోతే దానికో పేరు పెడతాడు. పేరు పెట్టేదాకా అది దగ్గేగా."

అతనికి భయమన్నది నేను అంతకుముందు చూడలేదు. తుఫానులో పడవ తిరగబడినప్పుడు కూడా ఈదుకుంటూ వచ్చి, నీ గాజులు తేలేకపోయానన్న మనిషి. అతను భయమేసిందన్నాక నేను పడటానికి ఇంక భయం మిగలదనుకున్నాను. ఎంత పొరపాటో.

నేను లేకపోతే దీమాలు కదలవు, ఆరిళ్ల వాళ్లు నా మొహాన ఉమ్మేస్తారన్నాడు.

"కదులుతాయి. ఇప్పుడే విన్నావుగా," అన్నాను. దాని అర్థం ఏమిటో అన్నాకగాని నాకు తట్టలేదు.

బాబోల్ ఆసుపత్రిలో చిన్నవయసు డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించింది. కుడివైపు, కోడిగుడ్డంత తెల్లటి మచ్చ. గడ్డ అంది. మంచిదో చెడ్డదో కోసి తీస్తేగాని చెప్పలేనంది. ఎన్నాళ్లుగా దగ్గు అంటే అతను ఈమధ్యేనన్నాడు, నేను వసంతం నుంచి అన్నాను. ఆవిడ ఇద్దరినీ మార్చిమార్చి చూసి, దగ్గుని ఇలా లోపలికి తొక్కకూడదు, వచ్చినప్పుడు బయటికి రానివ్వాలంది. ఆ మాట మా ఊళ్లో అంటే తంతారమ్మా అన్నాడు ఐవజ్. ఆవిడ నవ్వింది. నేను ఆ మచ్చనే చూస్తున్నాను. ఆపరేషన్‌కి ఆవిడ చెప్పిన రోజు, మష్ది ఖలీల్ మామ వేట మొదలుపెడతానన్న రోజు ఒకటే.

ఐవజ్‌ని ఆసుపత్రిలో చేర్చి, మా మరిదిని దగ్గర ఉంచి, నేను ఊరికి వచ్చి మష్ది మామ ఇంటికి పోయాను. చెప్పాల్సింది గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆయన మొహం నల్లబడింది. దగ్గేవాడు మడుగులో కూర్చోబోయాడా, ఆరిళ్ల పొయ్యిలూ ఆర్పబోయాడా అన్నాడు. అన్నంత సేపూ గొంతు పెరగలేదు, మా ఊళ్లో తిట్లు కూడా గుసగుసలే. తర్వాత టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నా పక్కనే కూర్చున్నాడు," అన్నాడు చివరికి. "ఊపిరి కూడా వినపడలేదు. ఎలా బిగపట్టాడో వెధవ."

ఇంతకీ దీమాల్ని ఎవరు పిలుస్తారని అడిగాడు. నేను పిలుస్తానన్నాను. ఆయన చప్పుడు చేయకుండా పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నువ్వా? నీ నోటికి దడి కట్టే మొనగాడు ఈ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదమ్మా."

రండి మామా అని మా పెరట్లోకి తీసుకొచ్చాను. కుంటకి దూరంగా నిలబడి హుక్ హుక్ అన్నాను. బాతులు వచ్చి నా కాళ్ల చుట్టూ చేరాయి. ఆయన నవ్వు చెరిగిపోయింది. అది ఎవరి చప్పుడో ఆయనకి అర్థమైంది. మర్నాడు చీకటితో వచ్చి పరీక్షకి కూర్చోమన్నాడు. ఆ తడిక చాటున అంతకుముందు ఆడమనిషి కూర్చున్నది లేదు. నేను కూర్చున్నాను. సూర్యుడు గట్టు దాటేదాకా నా గుండె కొట్టుకోవడం బయటికి వినపడుతుందేమోనని ఒకటే దిగులు. మాట్లాడాలని మాత్రం ఒక్కసారీ అనిపించలేదు.

ఆపరేషన్‌కి ముందురోజు ఆసుపత్రికి పోయాను. ఐవజ్ తెల్ల దుప్పటిలో సగం మనిషిలా ఉన్నాడు. రేపు నేను మడుగుకి పోను, ఇక్కడే ఉంటానన్నాను. పిట్టలు ఎక్కడికి పోతే నాకేంటన్నాను.

"ఇక్కడుంటే ఏడుస్తూ కూర్చుంటావు. అక్కడైతే ఏడవనివ్వరు. అది నాకు ధైర్యం," అన్నాడు.

నేను అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. అతను రెండో చేత్తో నా వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తూ పని చెప్పాడు. రెండుసార్లే అనాలి, ఎక్కువ అనకూడదు. గుప్పెడు చల్లాలి, దోసెడు కాదు. నల్లమెడది ముందు వస్తుంది, అది వస్తే అన్నీ వస్తాయి. చెప్తూ చెప్తూ ఒక్కసారిగా దగ్గు తెర వచ్చింది. ఈసారి ఆపుకోలేదు. ఆ గది దద్దరిల్లింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతని దగ్గు నిండుగా వినడం అదే మొదలు. బయటికి వచ్చి మెట్ల మీద కాసేపు కూర్చున్నాను.

మర్నాడు చీకటితోనే తడిక చాటున కూర్చున్నాను. ఫోన్లు మడుగు దగ్గరికి తేకూడదు. నాది కోకబ్ వదిన దగ్గర ఇంట్లో ఉంది. మరిది ఫోన్ చేస్తే ఆమె గట్టు దాకా వచ్చి చెప్పాలి. నీళ్ల మీద మంచు పొరలా పరుచుకుంది. నా పక్కన మష్ది మామ వల తాడు పట్టుకుని కూర్చున్నాడు. దీమాలు నీళ్లలోకి జారిపోయాయి. కాసేపటికి పైన గాలి చీలినట్టు రెక్కల చప్పుడు, గుంపు తర్వాత గుంపు. మష్ది మామ అరచెయ్యి బోర్లించి మెల్లగా దించాడు. పిట్టలు దిగాయి.

తెల్లారాక ముందుగా అతన్నే లోపలికి తీసుకుపోతామని ఆసుపత్రిలో అన్నారు. తెల్లారింది. ఇప్పుడు ఆ బల్ల మీద పడుకోబెట్టి ఉంటారు. ఇప్పుడు మత్తు ఇచ్చి ఉంటారు. మష్ది మామ నా మోచేతి మీద వేలితో తట్టాడు. నేను నోరు మూసుకుని హుక్ హుక్ అన్నాను.

అచ్చంగా అతనే దగ్గినట్టు వచ్చింది. నా గొంతులోంచి అతని దగ్గు. చేతిలో వడ్లు సగం కింద పడిపోయాయి. అక్కడ అతని ఛాతీ కోస్తున్నారు, ఇక్కడ నేను అతని దగ్గు దగ్గుతున్నాను. ఇది విని ఎవరైనా అతన్ని తీసుకుపోతారేమోనని పిచ్చి ఊహ ఒకటి వచ్చి గుండెని పట్టుకుంది. నల్లమెడది ముందు వచ్చింది. దాని వెనక మిగతా దీమాలు, వాటి వెనక పచ్చ తలల అడవి బాతులు, సన్నకాలువ నిండా. తాడు జారింది. వల వాలింది.

ఆ ఉదయం వల ఎన్నిసార్లు వాలిందో నాకు గుర్తులేదు. మష్ది మామ తట్టినప్పుడల్లా చేశాను. ఎండ కాస్త ముదిరాక, ఆయన తట్టకుండా నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి చూపించాడు.

దూరంగా గట్టు మీద కోకబ్ వదిన నిలబడి ఉంది.

పరుగెత్తకూడదు. అరవకూడదు. పిట్టలు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. తడిక వెనక నుంచి లేచి, వంగి, బురదలో మెల్లగా అడుగులు వేశాను. ఆమె మొహం ఎంత చూసినా తెలియలేదు, సూర్యుడు ఆమె వెనక ఉన్నాడు. మధ్యలో నాకింక అడుగు పడలేదు. మొగుడు పోయినరోజు కూడా ఆమె ఇలాగే, ఇదే గట్టు మీద, కదలకుండా నిలబడింది. ఏమైంది అన్నట్టు చెయ్యి ఊపాను.

కోకబ్ వదిన చెయ్యి పైకి లేచింది.

పై ప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి తల మీదికి పోయింది, అక్కడే ఆగింది. ఆ తర్వాత అరచెయ్యి బోర్లించింది. మెల్లగా, ఎంతో మెల్లగా, కిందికి దించింది.

దిగాడు. నేల మీదే ఉన్నాడు.

బురదలో అలాగే కూర్చుండిపోయాను. లోపల నుంచి ఏడుపు తన్నుకొచ్చింది. మా ఊళ్లో ఆ కాలంలో ఎవరూ పైకి ఏడవరు. ఏడవనివ్వరనేగా అతను నన్ను ఇక్కడికి పంపింది. తలగుడ్డ కొస నోట్లో కుక్కుకున్నాను. అయినా ఆగలేదు, ముక్కులోంచి వచ్చింది, హుక్ హుక్ అని.

వెనక నీళ్లు కదిలిన చప్పుడైంది. దీమాలు గట్టెక్కి నా దగ్గరికి వచ్చేశాయి. నల్లమెడది అందరికన్నా ముందు. మెడలు చాచి నా చేతులకేసి చూస్తూ నిలబడ్డాయి. నా దగ్గర ఒక్క గింజ కూడా లేదు.